రాజరత్నం గారు రాలేదు

1999 మార్చిలో, శ్రీరామనవమి ఇంకా పన్నెండు రోజులుందనగా మా లోకనాథం మావయ్య నేను పనిచేసే షాపుకి ఫోన్ చేశాడు. మావయ్యది గోదావరికి అవతలి ఒడ్డు. సఖినేటిపల్లి రేవు దాటాక ఆరు కిలోమీటర్లు. ఊరి పేరు రాయను, అక్కడివాళ్ళు చదివితే నాకే ఇబ్బంది. ఆ ఊళ్ళో నవమి పందిరి కమిటీకి ఆయన ప్రెసిడెంటు. నేను పాలకొల్లులో డిగ్రీ రెండో ఏడు మధ్యలో మానేసి, ఖాళీ క్యాసెట్లలో జనం రాసిచ్చిన పాటలు నింపి అమ్మే షాపులో కూర్చునేవాణ్ణి. ఆ పనీ మావయ్య ఇప్పించిందే.

“ఒరేయ్, రాజరత్నం గారు మీ పాలకొల్లేనంట కదా?” అన్నాడు.

“ఏ రాజరత్నం గారు?”

“క్యాసెట్లమ్ముకుంటా ఏ రాజరత్నం అంటావేంట్రా? ఫ్లూటు రాజరత్నం గారు. ఆయన ఈసారి మన పందిట్లో వాయించాలి. ఏటా రికార్డింగ్ డాన్సులేనా, ఒక్క రోజైనా పద్ధతైన కార్యక్రమం పెట్టండని పెద్దాళ్ళు గొడవ చేస్తున్నారు. కాళ్ళో గడ్డమో పట్టుకుని ఒప్పించుకురా.”

ఆ పేరు తెలియనిది కాదు. ‘వేణుగానం, విద్వాన్ రాజరత్నం’ అని ఒక క్యాసెట్ ఉండేది. అట్ట మీద నీలం కృష్ణుడు. తొంభై ఒకటిలో రాజమండ్రిలో ఒక చిన్న కంపెనీవాళ్ళు చేశారు. సినిమా పాటల్లా ఎగబడి కొనేవాళ్ళు లేరు గానీ, మైక్ సెట్ వాళ్ళందరి దగ్గరా ఒకటుండేది. పెళ్ళి భోజనాల దగ్గర మెల్లగా వేసుకోవడానికి బాగుంటుందని. ఆయన్ని చూసినవాళ్ళు మాత్రం ఎవరూ లేరు. పక్షవాతం అనేవాళ్ళు కొందరు. సన్యాసం తీసుకున్నారని కొందరు. “ఇంటికెళ్తే ఎవరో ఆడమనిషి బయటికొచ్చి, ఆయన ఎక్కడికీ రారండి అని పంపించేస్తది” అని మా షాపు ఓనరు చెప్పాడు. ఇల్లు మాత్రం కాలవగట్టు సందులో అని అందరికీ తెలుసు.

ఆ మధ్యాహ్నమే వెళ్ళాను. రెండు గదుల పెంకుటిల్లు. అరుగు మీద ఒకావిడ, యాభైకి అటూ ఇటూ ఉంటాయి, కొనకి కొక్కెం ఉన్న సూదితో లేసు అల్లుతున్నారు. మా వైపు అది వింతేం కాదు. నరసాపురం, పాలకొల్లు చుట్టుపక్కల వెయ్యి అరుగుల మీద వెయ్యిమంది ఆడవాళ్ళు అదే అల్లుతుంటారు.

“రాజరత్నం గారిల్లు ఇదేనాండీ?”

“ఇదేనండి.”

“ఉన్నారాండీ?”

“ఆయ్, ఉన్నారండి.”

“పడుకున్నారేమోనండి.”

“లేదండి. లేసు అల్లుతున్నారు.”

అంత విద్వాంసుడు లేసు అల్లడమేంటని గుమ్మంలోంచి లోపలికి తొంగి చూశాను. నులకమంచం, కుండ, దండెం మీద చీరలు. మనిషి లేడు. మళ్ళీ ఆవిడ వైపు తిరిగాను. ఆవిడ తల ఎత్తకుండానే అన్నారు:

“లోపలేం వెతుకుతావు బాబూ. ఇటు చూడు.”

అప్పటికీ నాకు వెలగలేదు. సిగ్గు లేకుండా చెబుతున్నాను, “ఆయనెప్పుడొస్తారండీ?” అని ఇంకోసారి అడిగాను. ఆవిడ సూది పక్కన పెట్టి, లోపలికెళ్ళి, పాత గుడ్డసంచీలోంచి వెదురు పిల్లనగ్రోవి తీసుకొచ్చి, నిలబడే ఊదారు. క్యాసెట్ రెండో వైపు మొదట్లో వచ్చే మోహన రాగం. ఆ ముక్క నేను కనీసం రెండొందల క్యాసెట్లకి కాపీ చేసి ఉంటాను. ఎక్కడ ఆగుతుందో, ఎక్కడ జారుతుందో నాకు కంఠతా వచ్చు. అదే ఆగడం, అదే జారడం.

ఇంతమంది ఇన్నేళ్ళు ఎలా పొరబడ్డారని అడిగితే, మా గోదావరి మర్యాద వల్ల. రాజరత్నం అనేది మగవాళ్ళకీ పెడతారు, ఆడవాళ్ళకీ పెడతారు. మేం కుక్కని కూడా రండి అనేరకం. పేరు చివర గారు తగిలిస్తాం. గారు తగిలించాక మనిషి వస్తారు, వెళ్తారు, ఊదుతారు. ఆడా మగా తేలదు. తేలాలంటే వచ్చాడు అనో, వచ్చింది అనో అనాలి. అంత పెద్ద విద్వాంసుల్ని అలా ఎవరంటారు? ఎనిమిదేళ్ళుగా ఆవిణ్ణి పొగిడిన ప్రతివాడూ గారు పెట్టే పొగిడాడు. ఆ గారు వెనకాల ఎవరి మట్టుకు వాళ్ళు ఒక మగాణ్ణి కూర్చోబెట్టుకున్నారు.

“మీరెందుకు చెప్పలేదండీ?”

“మొదట్లో చెప్పేదాన్ని. ఒకాయన తణుకు నుంచి వచ్చి, చెబితే నవ్వి, ‘అలాగేనమ్మా, ఆయనొచ్చాక చెప్పండి’ అని వెళ్ళిపోయాడు. ఇంకొకాయన నమ్మేడు. నమ్మి, ఇంక ఈ పక్కకి రాలేదు. ఆ తర్వాత నేనే చెప్పడం మొదలెట్టేను, ఆయన రారండి అని. అది సుఖంగా ఉంది.”

“మరి నాకెందుకు చెప్పారు?”

ఆవిడ పై పెదవి వేలితో ఎత్తి చూపించారు. ముందుపళ్ళు రెండూ కదులుతున్నాయి. చిగురు ఎర్రగా వాచి ఉంది. “ఈ రెండూ ఊడితే గాలి సన్నగా పోదు బాబూ. ఉస్సుమని పోతది. డాక్టరు ఏడాది అన్నాడు. ఈలోగా ఒక్కసారి, జనం ఎదురుగుండా కూర్చుని, నేను ఊదుతున్నానని వాళ్ళకి తెలిసేట్టు ఊదాలని ఉంది. అంతే. ఇంకేం లేదు.”

తర్వాత రెండు మూడుసార్లు వెళ్ళినప్పుడు మిగతా సంగతులు తెలిశాయి. ఆవిడ తండ్రి ముసలయ్య సన్నాయి మేళం మనిషి. పెళ్ళిళ్ళకీ, గుళ్ళో సేవలకీ ఊదేవాడు. ఎనిమిదేళ్ళప్పుడు ఈవిడా సన్నాయే పట్టుకుంది. తల్లి లాగేసుకుంది. “బుగ్గలు బూరెల్లా ఉబ్బించే పిల్లని ఎవడు చేసుకుంటాడు?” అని. ముసలయ్య రెండు రోజులు ఆలోచించి, ఒక పిల్లనగ్రోవి తెచ్చి, దీనికి బుగ్గలు ఉబ్బవు కదా అన్నాడట. అలా వచ్చింది ఆ వాయిద్యం, బుగ్గల బేరంలో. రేడియోలో మద్రాసు నుంచి ఎవరో అక్కచెల్లెళ్ళు ఫ్లూటు కచేరీ చేస్తుంటే, తండ్రి ఆవిణ్ణి నిద్రలేపి మరీ వినిపించాడట. “చూడు, ఆడవాళ్ళే! పేర్లు చెప్తన్నారు చూడు” అన్నాడట. ఆ పేర్లు చెప్పడం ఆవిడకి గుర్తుండిపోయింది. రాగం ఏదో మర్చిపోయానన్నారు.

పదిహేడో ఏట భీమవరం వైపు ఇచ్చారు. మూడేళ్ళు పిల్లలు పుట్టలేదు. “ఊదీ ఊదీ గర్భసంచి జారిపోయింది” అని అత్తగారు తేల్చేసింది. ఊళ్ళో ఇంకో నలుగురు అమ్మలక్కలూ అదే అన్నారు. పాట పాడే ఆడదానికి ఏమీ జారదట, వీణ వాయిస్తే ఏమీ జారదట, ఊదితేనే జారుతుందట. పుట్టింటికి పంపేశారు. మొగుడు మళ్ళీ పెళ్ళి చేసుకున్నాడు. తండ్రి పోయాడు, తల్లి పోయింది. మేళంలో మగవాళ్ళు “అక్కా, నువ్వు మా పక్కన కూర్చుంటే పెళ్ళివారు ఒప్పుకోరే” అన్నారు. అప్పట్నుంచీ తలుపేసుకుని రోజూ తెల్లవారుజామున రెండు గంటలు ఊదుకోవడం, పగలంతా లేసు. ముప్పై ఏళ్ళు.

“పక్కన మృదంగం లేకుండా తాళం ఎలాగండీ?” అని అడిగాను.

“కాలి బొటనవేలు ఉంది కదా” అన్నారు. నిజంగానే ఊదేటప్పుడు ఆ వేలు నేల మీద కొట్టుకుంటూ ఉండేది. అక్కడ గచ్చు నునుపు దేరి గుంటపడింది.

క్యాసెట్ సంగతి కూడా అడిగాను. ఆ కంపెనీ ఆయన ఎవరింటికో చుట్టంగా వచ్చి, తెల్లవారుజామున సందులో ఆవిడ ఊదడం విని రాజమండ్రి రమ్మన్నాడట. రికార్డింగ్ అయ్యాక ఫొటో తీశారట. పట్టుచీర అరువు తెచ్చుకుని కట్టుకున్నారట. అట్ట వచ్చేసరికి కృష్ణుడున్నాడు. ఆ కంపెనీ ఆయన, “ఆడమనిషి బొమ్మేస్తే పాటల క్యాసెట్టనుకుంటారమ్మా. మీ పేరు ఎటూ మగపేరులాగే ఉంది, కలిసొచ్చింది” అన్నాడట.

“కృష్ణుడి పక్కన గోపికలు కూడా ఉన్నారు చూశావా, అట్ట మీద” అన్నారావిడ. “ఏ బొమ్మలోనైనా చూడు. ఆడవాళ్ళంతా వింటానే ఉంటారు.”

ఒప్పందం ఆవిడే చెప్పారు. “మీ మావయ్యకి గారు అనే చెప్పు. అబద్ధం ఆడకు. నిజం కూడా నువ్వు చెప్పొద్దు. నేను ఆ పీట మీద కూర్చున్నాక వాళ్ళ కళ్ళతో వాళ్ళు చూసుకుంటారు.”

నాకు అది సరదాగా అనిపించింది. నిజం చెప్పాలంటే అంతకంటే ఎక్కువ ఆలోచించలేదు. మావయ్య అంటే భయం ఉంది, ఆయన మీద కచ్చ కూడా ఉంది. ఒప్పుకున్నారని ఫోన్ చేస్తే, “శభాష్‌రా! కాలేజీ మానేసినా ఒక పనికొచ్చావు” అన్నాడు. పాంప్లెట్లలో ‘వేణువు: విద్వాన్ శ్రీ రాజరత్నం గారు’ అని పడింది. ఆ శ్రీ ప్రూఫులోనే చూశాను. కొట్టేయించలేదు.

నవమి అయిన నాలుగో రోజు కచేరీ. మధ్యాహ్నం నరసాపురం దాకా బస్సు, అక్కణ్ణుంచి పంటు మీద గోదావరి దాటాం. లారీలు, స్కూటర్లు, చేపల బుట్టలు, మధ్యలో ఆవిడ. లేత పసుపు చీర. గుడ్డసంచీ ఒళ్ళో పెట్టుకుని రెండు చేతులూ దాని మీద వేసుకున్నారు. నీళ్ళు చూస్తూ కూర్చున్నారు. అవతలి రేవులో కమిటీవాళ్ళ అంబాసిడర్ ఆగి ఉంది. డ్రైవరు వీరబ్రహ్మం నన్ను చూసి ఎదురొచ్చాడు.

“ఏం బాబూ, ఆయనేరీ?”

ఆవిడే అన్నారు, “పదండి.”

“దండాలండి అమ్మగారూ. అయ్యగారు తరవాతి పంటుకొస్తారాండీ? ఉండమంటే ఉంటానండి.”

“ఉండక్కర్లేదండి. ఆయన ఎంత రావాలో అంతా వచ్చేశారు.”

వీరబ్రహ్మం అర్థమైనట్టు తల ఊపి కారు తలుపు తీశాడు. దారంతా అద్దంలోంచి నన్నే చూశాడు.

పందిరి పెద్దదే. తాటాకు కప్పు, మామిడి తోరణాలు. ఒక పక్క డ్రమ్ముల్లో పానకం, విస్తళ్ళలో వడపప్పు. నాలుగొందల మంది ఉంటారు. మావయ్య కొత్త పంచె కట్టుకుని దండ పట్టుకుని ఎదురొచ్చాడు.

“రండమ్మా రండి. అయ్యగారు వెనకొస్తన్నారా?”

“నేనేనండి రాజరత్నం.”

“అదేనమ్మా. మా అదృష్టం, వారి ఇంటావిడ కూడా...”

“ఇంటావిణ్ణి కాదండి. ఊదేది నేనే. క్యాసెట్‌లో ఊదింది కూడా నేనే.”

మావయ్య మొహంలో నవ్వు అలాగే ఉండిపోయింది, కళ్ళు మాత్రం నా మీదకొచ్చాయి. దండ పక్కవాడికిచ్చి, నా చెయ్యి పట్టుకుని పందిరి వెనక్కి లాక్కెళ్ళాడు.

“నీకు తెలుసా?”

“తెలుసు.”

చెంప మీద ఒకటిచ్చాడు. “నాలుగూళ్ళకి పాంప్లెట్లు పంచేనురా! విద్వాన్ అని వేసేను. ఇప్పుడు ఎవరో ఆవిణ్ణి తెచ్చి ఈవిడే ఆయనంటే నా మొహాన ఉమ్మెయ్యరా?”

ఈలోపు ఇంకో ముడి పడింది. మృదంగం వాయించడానికి కాకినాడ నుంచి వచ్చిన మణిశంకర్ గారు సంగతి విని, మృదంగానికి గుడ్డ కప్పేశారు. పెద్దమనిషి, గట్టిగా అరవలేదు. “నాకు ఆవిడ మీద ఏం లేదండి. ఆడవాళ్ళ పక్కన వాయించనని మా గురువుగారి దగ్గర ఒట్టేసుకున్నాను. అందులోనూ వేణువు. పాటైతే ఆలోచించేవాణ్ణేమో” అన్నారు. ఆ మాట మావయ్యకి దారి చూపించినట్టయింది.

“పోనీ పాడండమ్మా” అన్నాడు ఆవిడతో. “రెండు కీర్తనలు పాడెయ్యండి. ఆడవాళ్ళకి పాటైతే చక్కగా ఉంటది. ఎవరికీ ఇబ్బందుండదు.”

“నాకు పాట రాదండి” అన్నారావిడ. చెప్పులు విప్పి, ఎవరూ రమ్మనకుండానే మెట్లెక్కి, దుప్పటి పరిచిన పీట మీద కూర్చున్నారు. సంచీ విప్పారు. శ్రుతిపెట్టె నేనే పెట్టాను. ఎంప్లిఫయరు దగ్గర నన్నే కూర్చోమన్నాడు మావయ్య. మైక్ సెట్ అతను టీకి వెళ్ళాడు.

ఆవిడ వేణువు పెదవికి ఆనించేలోగా మావయ్య మైకు అందుకున్నాడు. “పెద్దలకి నమస్కారం. విద్వాన్ రాజరత్నం గారికి అనుకోకుండా ఒంట్లో నలతగా ఉండి రాలేకపోయారు. ఆయన మాట పోకూడదని వారి ఇంటావిడ వచ్చారు. ఆవిడ మనకి కాసేపు వేణువు వినిపిస్తారు. దయచేసి గోల చెయ్యకండి.”

ఆవిడ పక్కనే కూర్చుని ఉన్నారు. మావయ్య కాళ్ళ దగ్గర. ఆయన మాట్లాడుతున్నంతసేపూ తల ఎత్తి ఆయన్నే చూశారు. తర్వాత నా వైపు చూశారు. నేను వైర్లు సరిచేస్తున్నట్టు వంగాను.

ఊదడం మొదలుపెట్టారు. మోహన. మృదంగం లేదు, వయొలిన్ లేదు. శ్రుతిపెట్టె గీ అని ఒకటే గీత గీస్తుంటే దాని మీద ఆ వెదురు. గొప్పగా చెప్పడం నాకు చేతకాదు. ఇంట్లో ఊదినదానికంటే బాగా ఊదారు, అది మాత్రం తెలుసు. చీర అంచు కింద బొటనవేలు కొట్టుకుంటూనే ఉంది.

జనం రెండు నిమిషాలు విన్నారు. ఆ తర్వాత మాట్లాడుకోవడం మొదలుపెట్టారు. కోపంతో కాదు, అవమానించాలనీ కాదు. ఆ శబ్దం వినగానే వాళ్ళకి పెళ్ళి భోజనం గుర్తొస్తుంది. ఎనిమిదేళ్ళుగా దాని మీంచి గట్టిగా మాట్లాడటం అలవాటు. ఒకడు పానకం కావాలని కేకేశాడు. ఎవరో సంబంధం గురించి మొదలుపెట్టారు. ఒక పెద్దాయన లేచి ఎంప్లిఫయరు దగ్గరికొచ్చి నా భుజం మీద తట్టాడు.

“ఏమయ్యా, మొగుడి క్యాసెట్టు వేసి పెళ్ళాం చేత యాక్షన్ చేయిస్తన్నారా? అచ్చం అదే!”

చుట్టుపక్కలవాళ్ళు నవ్వారు. ఆ నవ్వు వేదిక దాకా వెళ్ళింది. ఆయన గొంతు కూడా వెళ్ళి ఉంటుంది, ఎందుకంటే ఆవిడ ఊదడం ఆపేశారు. ఆపగానే బాక్సుల్లో పాట ఆగింది. పెద్దాయన “ఓహో” అన్నాడు. ఆవిడ ముందున్న మైకుని నోటి దగ్గరికి లాక్కున్నారు.

“రాజరత్నం గారు రాలేదని చెప్పేరు కదండి. నిజమేనండి. గారు రాలేదు.” పందిరంతా ఒకసారి చూశారు. “రాజరత్నం వచ్చింది.”

ఆ వచ్చింది అనే మాట కోసం ఆవిడ ముప్పై ఏళ్ళు ఆగారని నాకు అప్పుడు తెలిసింది. తాను ఆడదని చెప్పుకోవాలంటే తన మీదున్న గారుని తానే తీసి పారెయ్యాలి. తీసేశారు, నాలుగొందల మంది ముందు.

కానీ ఆ నాలుగొందల మందికి ఆవిడ ఇంటావిడ అని అప్పటికే చెప్పేశాం. ఆడవాళ్ళ వరసల్లోంచి ముందు ఒక గొంతు లేచింది:

“అమ్మో! మొగుణ్ణి పేరెట్టి అనేసిందేంటే!”

“పైగా వచ్చిందంట! మొగుణ్ణి పట్టుకుని వచ్చిందంట!”

“ఏం కాపురమో తల్లీ!”

మా వైపు ఆ వయసు ఆడవాళ్ళు మొగుడి పేరు రేషన్ కార్డు దగ్గర కూడా పక్కవాళ్ళ చేత చెప్పిస్తారు. పందిరంతా గొల్లుమంది. ఆవిడకి మొదట ఆ నవ్వెందుకో అర్థం కాలేదు. అర్థమయ్యాక మైకు ఇంకా దగ్గరికి లాక్కుని, “అది కాదండి. ఈ ఊదింది...” అన్నారు.

“ఒరేయ్, తిప్పరా అది” అన్నాడు మావయ్య, నా వీపు వెనక నుంచి.

నేను బటన్ తిప్పాను.

ఎవరో తిప్పారని రాసుకోవచ్చు. వైరు ఊడిందని కూడా రాసుకోవచ్చు. తిప్పింది నేనే. మావయ్య కూతురు శ్రీసుధని నాకిస్తాడన్న ఆశ అప్పటికింకా ఉంది. ఉద్యోగం ఆయన పెట్టించిందే. చెంప ఇంకా మండుతోంది. ఇవన్నీ కారణాలే. కానీ తిప్పిన క్షణాన అవేవీ అనుకోలేదు. తిప్పమన్నాడు, తిప్పాను.

ఆవిడ పెదవులు కదులుతూనే ఉన్నాయి. రెండు వాక్యాలు చెప్పి ఉంటారు. ఏం చెప్పి ఉంటారో నాకు తెలుసు. ముందు వరసకి కూడా వినబడలేదు. మైకు చచ్చిపోయిందని తెలిశాక ఎంప్లిఫయరు వైపు చూశారు, నా చేతిని చూశారు. తర్వాత వేణువు తీసుకుని, ఆపిన చోటు నుంచి అందుకుని, మోహన పూర్తి చేశారు. మైకు లేకుండానే. అంత పెద్ద పందిట్లో ఆ శబ్దం వేదిక దిగిందో లేదో. ముందు వరసలో ఒక ముసలావిడ చెవికి చెయ్యి అడ్డం పెట్టుకుని కాసేపు ప్రయత్నించింది. తర్వాత చెయ్యి దించేసింది.

దిగి వస్తుంటే మావయ్య పళ్ళెంలో చీర, పసుపు కుంకుమ ఇప్పించాడు, అత్తయ్య చేత. పైన ఇంకో పొట్లం కూడా పెట్టాడు. “ఇవి పంచెలమ్మా, అయ్యగారికి.” వేళాకోళం కాదు. మొదలుపెట్టిన అబద్ధాన్ని పద్ధతిగా ముగిస్తున్నాడు, అంతే. ఆవిడ పంచెలు తీసి పళ్ళెంలో పెట్టేశారు.

తిరుగు పంటు మీద పొద్దు గూకుతుండగా ఆవిడే మాట్లాడారు.

“నువ్వే తిప్పావు కదా.”

“అవునండి.”

“ఎందుకూ?”

“మావయ్య తిప్పమన్నాడండి.”

“నీకు తెలుసు కదా బాబూ. అక్కడున్న అందరిలో ముందునుంచీ నీకొక్కడికే తెలుసు” అన్నారు. తిట్టలేదు. తిడితే బాగుండేది. మిగతా దారంతా సంచీ మూతి కట్టిన తాడు విప్పుతూ, మళ్ళీ కడుతూ కూర్చున్నారు.

పళ్ళు డాక్టరు చెప్పినట్టే చేశాయి. మరుసటి ఏడు వేసవిలో ఒకటి ఊడింది, రెండోది పీకించుకున్నారు. పెట్టుడు పళ్ళతో ప్రయత్నించారు. గాలి కుదరలేదు. నేను అప్పుడప్పుడూ వెళ్ళేవాణ్ణి. ఎందుకు వెళ్ళేవాణ్ణో నాకే తెలియదు. ఆవిడ రావద్దనలేదు, రమ్మనీ అనలేదు. అరుగు మీద చోటిచ్చి లేసు అల్లుకునేవారు. ఇద్దరం మాట్లాడుకునేది తక్కువ. తెల్లవారుజామున నిద్ర మాత్రం పట్టట్లేదని ఒకసారి అన్నారు. అలవాటైన టైముకి లేచి, ఏం చెయ్యాలో తోచక వాకిలి రెండుసార్లు ఊడుస్తున్నానన్నారు.

ఆ ఏడే కాకినాడ నుంచి ఒక పెళ్ళివారు షాపుకి వచ్చారు. రాజరత్నం గారు కావాలి, ఎలాగైనా ఒప్పించండి అని. వెళ్ళి చెప్పాను.

“ఆయన పోయారని చెప్పు” అన్నారావిడ.

“అదేంటండీ!”

“పోయారు కదా మరి. ఎవరైనా ఎన్నాళ్ళుంటారు?” సూది ఆగలేదు. “చెప్పు. ఇంక ఎవరూ రాకుండా ఉంటారు.”

చెప్పాను. షాపులో ఒకరికి చెబితే డెల్టా అంతా చెప్పినట్టే. క్యాసెట్లు ఆ నెలలో నలభై అమ్ముడయ్యాయి. కొన్నవాళ్ళు “పాపం, మహానుభావుడు” అన్నారు.

2001 నవమికి మావయ్య పిలిస్తే వెళ్ళాను. శ్రీసుధకి అప్పటికే హైదరాబాదు సంబంధం కుదిరింది. అయినా వెళ్ళాను. కార్యక్రమం మొదలయ్యే ముందు మావయ్య మైకు తీసుకుని, కీర్తిశేషులు విద్వాన్ రాజరత్నం గారి ఆత్మశాంతి కోసం ఒక నిమిషం మౌనం పాటిద్దామన్నాడు. ఫొటో దొరకలేదని కృష్ణుడి పటానికే చిన్న దండ వేశారు. పందిరంతా లేచి నిలబడింది. పానకం దగ్గర పిల్లల్ని కూడా ఎవరో గదిమి ఊరుకోబెట్టారు. మావయ్య చేతులు కట్టుకుని, కళ్ళు మూసుకుని, తల వంచుకుని నిలబడ్డాడు. అలాంటి మగమనిషి ఎప్పుడూ లేడని ఆయనకి తెలుసు. నిజంగా పోయిన మనిషికి నిలబడ్డట్టే నిలబడ్డాడు.

ఆయన పక్కన నేనూ నిలబడ్డాను, నిమిషం పూర్తయ్యేదాకా.

తిరిగొచ్చాక కాలవగట్టు సందుకి వెళ్ళాను. పందిట్లో ఏం పెట్టారని అడిగారు. రికార్డింగ్ డాన్సు అని చెప్పాను. నవ్వి, కాస్త జరిగి అరుగు మీద చోటిచ్చారు.